డిస్కుపెట్టెలకు రెండు దారులు

విజ్ఞానశాస్త్రమునకు కొలత ప్రాణము. అయితే కొలిచిన దానిని పోగొట్టుకొనక దాచుకొనినప్పుడే ఆ కొలతవలన ప్రయోజనము. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. ఇట్టి తీరమున ఒక తుపాను ఎట్లు వచ్చినదో, ఎట్లు కదలినదో తెలుపు ప్రతి కొలతయు తరువాతి తుపానును అర్థము చేసికొనుటకు పనికివచ్చును.

మచిలీపట్నములో భారత వాతావరణ శాఖవారు 2004లో డాప్లరు రాడారును నెలకొల్పిరి. ఇది సుమారు 10 సెంటీమీటర్ల పొడవుగల రేడియో తరంగములను పంపును. వానచినుకులను తాకి తిరిగివచ్చిన తరంగములనుబట్టి మేఘములో చినుకులు ఎంత దట్టముగా ఉన్నవో, అవి రాడారు వైపునకు వచ్చుచున్నవో, దూరముగా పోవుచున్నవో తెలియును. ఇట్టి రాడారు పది నిమిషముల కొకసారి ఆకాశమును చుట్టి చూచునని, ఒక్కొక్క చుట్టులో 20 మెగాబైట్ల సమాచారము పోగగునని అనుకొందము. దినమునకు 144 చుట్లు, 2,880 మెగాబైట్లు. సంవత్సరమునకు 10,51,200 మెగాబైట్లు, అనగా ఇంచుమించు ఒక టెరాబైటు. ఇది ఒక్క రాడారు లెక్క. పలు రాడార్ల కొలతలు, ఉపగ్రహ చిత్రములు, వానిపై జరిపిన గణనల ఫలితములు సంవత్సరములకొలది ఒకచోట చేరు కేంద్రములో ఎంత చోటు కావలయునో ఊహింపవచ్చును. అంత సమాచారమును ఎట్లు దాచెదరు? చోటు చాలనప్పుడు ఎట్లు పెంచెదరు? ఈ వ్యాసములో ఆ సంగతి తెలిసికొందము.

ర్యాకు, సర్వరు, డిస్కుపెట్టె

పెద్ద కంప్యూటరు గదులలో నిలువుటల్మారాలవంటి ఇనుప చట్రములు కనిపించును. వీనిని ర్యాకులందురు. వీని వెడల్పు 19 అంగుళములు. ఎత్తును 1.75 అంగుళముల భాగములుగా కొలిచెదరు. కాబట్టి ఏ సంస్థ చేసిన యంత్రమైనను ఈ కొలతకు తగినదైనచో అందులో అమరును. సమాచారమును దాచి, అడిగినవారికి అందించు కంప్యూటరును సర్వరు అందురు.

సర్వరు ముందు భాగమున పన్నెండో, ఇరువదినాలుగో డిస్కులు పట్టును. అవి నిండినపుడు సర్వరును మార్చనక్కరలేదు. డిస్కులు మాత్రమే ఉండు వేరొక పెట్టెను దాని క్రింద అమర్చి కేబులుతో కలిపిన చాలును. ఈ డిస్కుపెట్టెకు సొంత ఆలోచన లేదు. అందులో డిస్కులు, వానికి విద్యుత్తునిచ్చు రెండు సాధనములు, చల్లార్చు పంకాలు, వెనుక వైపున రెండు మాడ్యూళ్లు ఉండును. మాడ్యూలు పని కూడలి పని వంటిది. సర్వరునుండి వచ్చిన కేబులును అది అందుకొని ప్రతి డిస్కునకు దారి చూపును. మిగిలిన దారిని తరువాతి పెట్టెకు అందించును. సర్వరులో ఆ కేబులును అందుకొను భాగమును అడాప్టరు కార్డు అందురు.

సర్వరునకు, పెట్టెలకు మధ్య సమాచారము పోవు పద్ధతులలో ముఖ్యమైనది సాస్. ఈ పద్ధతికి తగిన డిస్కునకు రెండు ద్వారములు కలవు. ఒకటి మొదటి మాడ్యూలునకు, రెండవది రెండవ మాడ్యూలునకు కలియును. ఇండ్లలోని కంప్యూటర్లలో వాడు సాటా డిస్కునకు ద్వారము ఒక్కటే. ఈ భేదము చిన్నదిగా తోచును గాని ముందు చెప్పబోవునదంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఒక కేబులు ఎంత మోయగలదు?

12 గిగాబిట్ల సాస్ కేబులులో నాలుగు బాటలు కలవు. ఒక్కొక్క బాటపై సెకనునకు 12 గిగాబిట్లు పోవును. 8 బిట్ల సమాచారము పంపుటకు 10 బిట్లు వినియోగమగును గనుక బాట ఒక్కింటికి సెకనునకు 1,200 మెగాబైట్లు, నాలుగింటికి 4,800 మెగాబైట్లు దక్కును. తిరుగుడు డిస్కు ఒకటి సెకనునకు 200 మెగాబైట్లు ఇచ్చుననుకొనిన, 24 డిస్కులు ఒక్కసారిగా పనిచేసినపుడు కేబులు నిండిపోవును. పన్నెండేసి డిస్కుల పెట్టెలు మూడు తగిలించినచో 36 డిస్కులు. అవి ఇవ్వగలది 7,200 మెగాబైట్లు. ఒక కేబులునకు ఇది మించిన బరువు. రెండు కేబుళ్లున్నచో 9,600 మెగాబైట్లు మోయవచ్చును. వాడుకలో ఈ అంకెలు కొంత తగ్గును. డిస్కులన్నియు ఒక్కసారిగా పూర్తి వేగముతో పనిచేయుటయు అరుదు. రెండవ కేబులువలన కలుగు అసలు లాభము వేగము కాదు, భద్రత. అది ఎట్లనగా:

గొలుసు పద్ధతి, అందలి లోపము

పెట్టెలను కలుపుటకు తోచు మొదటి ఉపాయము గొలుసు. సర్వరునుండి మొదటి పెట్టెకు, మొదటినుండి రెండవదానికి, రెండవదానినుండి మూడవదానికి ఒక్కొక్క కేబులు. ఇది గుడివాడనుండి బందరునకు పోవు రైలుదారి వంటిది. గుడివాడ దాటిన తరువాత గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చివరకు మచిలీపట్నము. అంతటితో దారి ముగియును. కవుతరము వద్ద పట్టాలు తెగినచో పెడనలో, బందరులో ఏ లోపము లేకున్నను అచ్చటికి రైలు రాదు.

డిస్కుపెట్టెల గొలుసు కూడ అట్టిదే. రెండవ పెట్టెకు విద్యుత్తు ఆగినచో మూడవ పెట్టె నిక్షేపముగా ఉన్నను సర్వరునకు కనిపించదు. ఇందువలన కలుగు నష్టము చిన్నది కాదు. సమాచారమును పలు డిస్కులపై పరచి, రెండు డిస్కులు చెడిపోయినను తిరిగి కూర్చుకొనగల విధమున దాచుట వాడుక. కాని ఒక కేబులు ఊడినపుడు పోవునవి రెండు కావు. పన్నెండో, ఇరువదినాలుగో ఒక్క క్షణములో మాయమగును. డిస్కులలో ఒక్కటియు చెడలేదు; అయినను పని నిలిచిపోవును. తుపాను తీరమును సమీపించుచున్న రాత్రి ఇట్లు జరిగిన దాని ఫలితమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

పైనుండి ఒకటి, క్రిందినుండి ఒకటి

దీనికి విరుగుడు రెండవ దారి. అయితే ఆ దారి ఎచ్చట మొదలు కావలయునన్నదే ముఖ్యము. రెండు కేబుళ్లను మొదటి పెట్టెకే తగిలించి, రెండు గొలుసులను పైనుండి క్రిందికి సాగదీసినామనుకొందము. ఒక కేబులు తెగినను, ఒక మాడ్యూలు చెడినను రెండవ గొలుసు ఆదుకొనును. కాని నడిమి పెట్టె మొత్తము ఆగిపోయినచో రెండు గొలుసులును అక్కడనే తెగును. క్రింది పెట్టెకు దారి ఉండదు.

కనుక రెండవ గొలుసును క్రిందినుండి పైకి నడిపింపవలెను. మొదటి కార్డునుండి కేబులు ఒకటవ పెట్టెలోని ఎడమ మాడ్యూలునకు, అచ్చటినుండి రెండు, మూడు పెట్టెల ఎడమ మాడ్యూళ్లకు దిగును. రెండవ కార్డునుండి కేబులు సూటిగా మూడవ పెట్టెలోని కుడి మాడ్యూలునకు పోయి, అచ్చటినుండి రెండవదానికి, ఒకటవదానికి ఎక్కును. ఇప్పుడు నడిమి పెట్టె ఆగినను ఒకటవదానిని పై దారిలో, మూడవదానిని క్రింది దారిలో చేరవచ్చును. పోయినది చెడిన పెట్టె మాత్రమే.

దివిసీమ పటమును చూచినచో ఇది స్పష్టపడును. కృష్ణ పాయల మధ్యనున్న ఈ లంకకు తల వైపున పులిగడ్డ వద్ద దారి కలదు. దిగువన ఉల్లిపాలెము, భవానీపురముల మధ్య వారధి బందరు వైపునకు దారితీయును. అవనిగడ్డకును కోడూరునకును నడుమ రోడ్డు తెగినచో అవనిగడ్డవారు పులిగడ్డమీదుగా, కోడూరువారు ఉల్లిపాలెముమీదుగా బయటపడవచ్చును. రెండు దారులును ఒక కొసననే ఉన్నచో ఈ మేలు కలుగదు.

ఒకే డిస్కు రెండు దారులలో కనిపించునపుడు సర్వరు దానిని రెండు డిస్కులుగా భ్రమపడరాదు. రెండును ఒక్కటే యని గుర్తించి, ఒక దారి మూసుకొనిన రెండవదానికి మరలించు ప్రోగ్రామును మల్టీపాత్ అందురు. దీనిని ముందుగా సిద్ధము చేసికొనవలెను.

నడుచుచున్న సర్వరునకు నాల్గవ పెట్టె

సర్వరు ఆగకుండగనే నాల్గవ పెట్టెను చేర్చవచ్చును. సూత్రమొక్కటే: రెండు దారులను ఒకేసారి ముట్టుకొనరాదు.

మొదట, ఉన్న 36 డిస్కులలో ప్రతిదానికిని రెండు దారులు, అనగా మొత్తము 72 దారులు, సరిగా ఉన్నవో లేవో చూడవలెను. ఒక దారి ముందే చెడియుండగా రెండవదానిని విప్పుటకంటె ప్రమాదము లేదు. రెండవది, క్రొత్త పెట్టెను అమర్చి, దాని రెండు విద్యుత్ సాధనములను వేర్వేరు సరఫరాలకు తగిలించి, డిస్కులన్నియు తిరుగువరకు ఆగవలెను. మూడవది, మూడవ పెట్టెలోని ఎడమ మాడ్యూలునుండి నాల్గవదాని ఎడమ మాడ్యూలునకు కేబులు కలుపవలెను. క్రొత్త డిస్కులు పన్నెండును ఒక దారిలో కనిపించును. నాల్గవది, రెండవ కార్డు కేబులును మూడవ పెట్టెనుండి విప్పి నాల్గవదాని కుడి మాడ్యూలునకు తగిలించి, అచ్చటినుండి మూడవదానికి మరొక కేబులు వేయవలెను. ఈ కొద్ది నిమిషములు పనియంతయు ఎడమ దారిమీదనే సాగును.

చివర లెక్క చూడవలెను: 48 డిస్కులు, 96 దారులు. 84 మాత్రమే కనిపించినచో ఏదో ఒక పెట్టెలోని ఒక మాడ్యూలునకు కేబులు అందలేదని అర్థము. 48 డిస్కులును కనిపించినవిగదా యని తృప్తిపడి లేచిపోవుట తగదు. ఆ లోపము రెండవ దారి తెగిన నాడుగాని బయటపడదు.

సర్వరును పూర్తిగా ఆపి మరల నడుపునపుడు ముందు పెట్టెలకు, తరువాత సర్వరునకు విద్యుత్తు ఇయ్యవలెను. ఆపునపుడు ముందు సర్వరును, తరువాత పెట్టెలను. ఎడమ దారికొక రంగు, కుడి దారికొక రంగు కేబుళ్లు వాడి, రెండు కొసలయందును ఎక్కడినుండి ఎక్కడికో వ్రాసిన చీటీలు అంటింపవలెను. రాగి కేబుళ్లు కొన్ని మీటర్లకు మించి పనికిరావు గనుక పెట్టెలు దగ్గరగా ఉండవలెను. కేబులును పదునుగా వంచరాదు. డిస్కులు నిండిన పెట్టె మిక్కిలి బరువు. దానిని ర్యాకు అడుగు భాగముననే అమర్చి, ఎత్తుటకు ఇద్దరు పూనుకొనవలెను.

తరగతిలో చూపుట

ఉపాధ్యాయులు దీనిని నాలుగు అగ్గిపెట్టెలతో, రెండు రంగుల దారములతో చూపవచ్చును. మొదట రెండు దారములను పైనుండి క్రిందికి కట్టించి, రెండవ పెట్టెను తీసివేసి, సర్వరునకు అందునవి ఎన్ని యని అడుగవలెను. ఒక్కటే యని విద్యార్థులు చెప్పెదరు. ఒక దారమును క్రిందినుండి పైకి కట్టించి మరల అడిగిన మూడు అని వచ్చును. పెట్టెలు అవే, దారములు అవే. కట్టిన తీరు మాత్రమే మారినది. పై పద్ధతులు రెండింటిలోను ఒకేసారి రెండు పెట్టెలు ఆగిన ఏమగునో విద్యార్థులే లెక్కించి పట్టిక వ్రాయవచ్చును.

ఒక్క మాట మరువరాదు. రెండు దారులు సమాచారమును చేరుటకే గాని సమాచారము రెండు ప్రతులగుటకు కాదు. గదిలోనికి ఉప్పునీరు వచ్చిన నాడు ర్యాకుతోపాటు రెండు దారులును మునుగును. సముద్రమట్టమునకు కొద్ది ఎత్తుననే ఉన్న బందరువంటి ఊరిలో, అదే తుపాను చేరలేని దూరమున మరియొక ప్రతి ఉండి తీరవలెను. కేబులును సరిగా వేయుట దినదినము వచ్చు చిన్న అవాంతరములనుండి కాపాడును. దూరపు ప్రతి తరమునకొకసారి వచ్చు పెద్ద ఆపదనుండి కాపాడును. ఈ తీరమునకు ఆ రెండును అవసరమే.