కొలువులో కొత్త ఇటుకలు

సంక్రాంతికి నెలరోజుల ముందు నుంచే మా ఇంట్లో ఒక ప్రశ్న బయలుదేరుతుంది: "ఈ ఏడు కొలువులోకి కొత్త బొమ్మ ఏది?" బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళవారికి ఈ తంటా నేను వేరే చెప్పనక్కరలేదు. పాతవి మెట్లు పట్టనన్ని ఉన్నా సరే, ఏటా ఒక్క బొమ్మైనా కొత్తది చేరాలి. అది ఆనవాయితీ. కొందరిళ్ళలో కొలువు దసరాకు. మా అత్తవారింట సంక్రాంతికి. మా అత్తగారు నాకు అప్పగించిన కొయ్య సందుగులో కొండపల్లి దశావతారాలున్నాయి, రంగు వెలిసిన శెట్టి, శెట్టెమ్మ ఉన్నారు, తల ఊపే తంజావూరు బొమ్మ ఉంది. ఒక్కొక్కదానికి పాత చీర పేలిక చుట్టి ఉంటుంది. వాటిలో సగానికి సగం నాకంటే వయసులో పెద్దవి.

ఈసారి కొత్త బొమ్మను ఎంచే అధికారం నా మనవడు పుచ్చుకున్నాడు. ఎనిమిదేళ్ళవాడు. చదువు బెంగుళూరులో. పండక్కి వచ్చిన మర్నాడే నన్నూ, వాళ్ళ నాన్ననూ వెంటబెట్టుకొని నెల్లూరు ట్రంకురోడ్డుకు బయలుదేరదీశాడు. వాడు కోరింది మట్టిబొమ్మా కాదు, కొయ్యబొమ్మా కాదు. ప్లాస్టిక్ ఇటుకల పెట్టె.

షాపులో ఒక గోడ నిండా ఈ పెట్టెలే. ఒకదాని మీద పందెపు కారు, ఒకదాని మీద రాకెట్టు, ఒకదాని మీద రాక్షసి బల్లి. మరొకదాని మీద ఏముందనుకున్నారు? గులాబీల గుత్తి! "ఇవి పెద్దవాళ్ళ కోసమండీ" అన్నాడు షాపు కుర్రవాడు. పెట్టె మీద పద్దెనిమిదేళ్ళు దాటినవారికని అచ్చువేసి ఉంది కూడాను. పూలు కోసుకోను పెరడు లేనివాళ్ళు ఇటుకలతో పూలు కట్టుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. అట్టడుగు అరలో, వంగితేగాని కనపడనిచోట, ఒక సాదా పెట్టె కూడా ఉంది. దాని మీద కారు లేదు, కోట లేదు. నాలుగైదు రంగుల ఉత్త ఇటుకలు. నా చెయ్యి దాని మీదికి పోయింది.

"దాంతో ఏం కట్టాలో దాంట్లో ఉండదు అవ్వా!" అన్నాడు మనవడు.

కారే కొన్నాము.

ధర విని నేను ఉలిక్కిపడితే మా అబ్బాయి లెక్క చెప్పాడు. విదేశపు ఆటబొమ్మల మీద మన దిగుమతి సుంకం 2020లో నూటికి 20 నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి, ఎలక్ట్రానిక్ బొమ్మలు తప్ప తక్కినవాటి మీద జి.ఎస్.టి. 12 నుంచి 5కి దిగింది. "ఇదివరకటికంటే ఇప్పుడే నయమమ్మా" అన్నాడు. ఆ నయమేమిటో నాకు అంతగా బోధపడలేదు.

నేను చూడవలసిన లెక్క వేరే ఉంది. పెట్టె నాలుగు పక్కలా తిప్పి ఐ.ఎస్.ఐ. ముద్ర కోసం వెతికాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల ఆటబొమ్మలకు ఆ ముద్ర తప్పనిసరి. కొండపల్లి వంటి, భౌగోళిక గుర్తింపు పొందిన చేతిపని బొమ్మలకు మాత్రం మినహాయింపు. ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. నిరుడు ఒక తిరునాళ్ళలో ముద్రా గిద్రా లేని ఇటుకల సంచీ చవగ్గా దొరికిందని కొన్నాను. ఒకదానిలో ఒకటి ఇమడదు, ఇమిడితే ఊడదు. పంటితో ఊడదీయబోయి మనవడు చిగురు కోసుకున్నాడు. వాడి చెల్లెలికి అప్పటికి రెండేళ్ళు. విరిగిన బొడిపె ముక్కను అది నోట్లో వేసుకుంది. నాలుక మీద కంటికి కనబడుతూ ఉంది గనుక తీయగలిగాను. ఆ తీసేలోగా నా ప్రాణం పోయి వచ్చింది. చిన్న ముక్కల పెట్టె మూడేళ్ళ లోపు పిల్లలకు తగదని పెట్టెల మీద అచ్చువేస్తారు. ఆ అక్షరాలు ఎంత చిన్నవైనా సరే, కళ్ళజోడు పెట్టుకొని చదవండి.

ఇంతకీ ఈ ఇటుక పుట్టింది వడ్రంగి ఇంటనట. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే పల్లెలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి, పనులు దొరకని కరువు రోజుల్లో, 1932లో కొయ్యబొమ్మలు చెయ్యసాగాడు. 1934లో వాటికి 'లెగో' అని పేరు పెట్టాడు. వాళ్ళ భాషలో 'బాగా ఆడుకో' అనే రెండు మాటల ముక్కలు కలిపితే ఆ పేరు వచ్చింది. బొడిపెల ఇటుక ఊహ మొదట ఇంగ్లండులో హిల్లరీ పేజ్ అనే ఆయనది. దాన్ని చూసి బిల్లుండ్ వారు 1949లో తమ ఇటుకలు తయారుచేశారు. అవి ఒకదాని మీద ఒకటి నిలిచేవే గాని పట్టు చాలేది కాదు. 1958లో ఓలె కొడుకు గాట్‌ఫ్రెడ్ ఇటుక అడుగున బోలు గొట్టాలు చేర్చాడు. పై ఇటుక గొట్టాలు కింది ఇటుక బొడిపెలను ఒరుసుకొని గట్టిగా పట్టుకుంటాయి. అయినా పిల్లవాడి చేతిబలానికి ఊడివస్తాయి. పట్టుకోవడమూ, వదలడమూ రెండూ తెలిసిన ఇటుక అన్నమాట. 1960లో కొయ్యబొమ్మల గోదాము తగలబడ్డాక ఆ కంపెనీ కొయ్యపనికి స్వస్తి చెప్పింది. 1963 నుంచి ఇటుకను ఎ.బి.ఎస్. అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. 1958 నాటి ఇటుక ఇవాళ్టి ఇటుకలో ఇప్పటికీ చక్కగా అతుకుతుంది. తాత ఇటుక మీద మనవడు ఇటుక పెట్టవచ్చు. మా అత్తగారి సందుగు ఎరిగిన నాకు ఈ మాట ఎంతో నచ్చింది.

ఇంకో లెక్క కూడా వినండి. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి రెండు ఉంటే 24 విధాలుగా కలపవచ్చు. మూడు ఉంటే 1,060 విధాలు. ఆరు ఉంటే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765! అడుగు అరలోని ఆ సాదా పెట్టెలో ఏం కట్టాలో రాసి లేకపోవడం దాని లోపం కాదని అప్పుడు తెలిసింది. రాయాలంటే అంత కాగితం ఎక్కడ తెస్తారు?

సరే, రాత్రి తొమ్మిది గంటలకు కారు పూర్తయింది. పుస్తకంలో బొమ్మ చూడడం, ముక్క వెతకడం, నొక్కడం. వాడి ఓపిక చూసి నేనే ఆశ్చర్యపోయాను. శెట్టి, శెట్టెమ్మల పక్కనే మెట్టు మీద కారు వెలిసింది. పేరంటానికి వచ్చినవాళ్ళంతా "ఎంత ముద్దుగా ఉందో!" అన్నారు. మనవడు మాత్రం కావలికాడల్లే నిలబడి "ముట్టుకోవద్దు, ఊడిపోతుంది" అని అందరినీ అదిలించాడు. మర్నాడు వాడు దాని జోలికి పోలేదు. ఆ మర్నాడూ అంతే. కట్టడం అయిపోయింది, ఆట కూడా దానితోనే అయిపోయింది.

ముక్కనుమనాడు అందరమూ మైపాడు వెళ్ళాము. నెల్లూరికి పాతిక కిలోమీటర్ల లోపే సముద్రం. పండగ జనం, సరుగుడు తోపుల నీడల్లో సద్దిమూటలు, ఒడ్డున బోర్లించిన పడవలు. పట్టపుపాళెం పిల్లకాయలు నలుగురైదుగురు తడి ఇసుకలో పిచ్చుకగూళ్ళు కడుతున్నారు. పాదం మీద ఇసుక కుప్పపోసి, అరచేత్తో తట్టి, ఊపిరి బిగబట్టి మెల్లిగా కాలు లాక్కోవాలి. మావాడు ఆ విద్య ఎరుగడు. మూడు గూళ్ళు కూలాయి. నాలుగోది నిలిచింది. అప్పుడు వాడి ముఖం చూడవలసింది! కారు పూర్తయిన రాత్రి కూడా నేను ఆ వెలుగు చూడలేదు.

గూటికి గుమ్మం కావాలన్నాడు. నిక్కరు జేబులోంచి నాలుగు ఇటుకలు తీశాడు. కారులోంచి ఊడబెరికి, మాకెవరికీ తెలియకుండా తెచ్చుకున్నాడు! రెండు నిలువుగా పెట్టి, ఎర్రటి ఇటుక అడ్డంగా వేసి, గుమ్మం కట్టాడు. నాలుగోది గడప. పిల్లకాయలంతా మెచ్చుకొని చుట్టూ చేరారు. ఇంతలో ఒక అల వచ్చి గూడునూ, గుమ్మాన్నీ ఒక్క ఊపున తీసుకుపోయింది. మూడు ఇటుకలు దొరికాయి. ఎర్రది దొరకలేదు. పొద్దువాలే దాకా పిల్లలూ పెద్దలూ కలిసి తవ్వని చోటు లేదు. "యాడ పోయిందో కనపడలా" అన్నాడు పాళెం పిల్లవాడు. అని, తన జేబులోంచి ఒక గవ్వ తీసి "పోతే పోనీలే, ఇది పెట్టుకో" అని మావాడి చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో మా అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. 1997 ఫిబ్రవరి 13న టోకియో ఎక్స్‌ప్రెస్ అనే ఓడను ఇంగ్లండు నైరుతి కొసన ఒక పెద్ద అల కొట్టింది. 62 సరుకు పెట్టెలు సముద్రంలో పడ్డాయి. వాటిలో ఒకదాని నిండా ఈ ఇటుకల కంపెనీ ముక్కలే, దాదాపు 48 లక్షలు. అందులో చాలావరకు సముద్రపు ఆటవస్తువులే కావడం విచిత్రం: బుల్లి ఆక్టోపస్‌లు, ఈతగాళ్ళ కాళ్ళ తొడుగులు. ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా అవి ఒడ్డుకు కొట్టుకువస్తూనే ఉన్నాయి. 2020లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు తీరాన దొరికిన పాత ఇటుకలను, అదే కాలానివై ఇళ్ళలో భద్రంగా ఉన్న ఇటుకలతో తూచి పోల్చారు. ఒక ఇటుక సముద్రంలో 100 నుంచి 1,300 ఏళ్ళ దాకా ఉండగలదని తేల్చారు.

వెనక సీట్లో మనవడు గవ్వను చెవి దగ్గర పెట్టుకొని వింటున్నాడు. "అయితే నా ఇటుక ఇంకా ఉంటుందా నాన్నా?" అన్నాడు సంతోషంగా. ఉంటుంది నాయనా. అదే కదా చిక్కు. ఈ చలికాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. ఇసుకలో, నీళ్ళలో ఏది తిండో, ఏది ప్లాస్టిక్కో వాటికెవరు చెబుతారు? సందుగులో ఉంటే తరతరాలకు దక్కే గట్టిదనమే సముద్రంలో పడితే తరతరాల పీడ అవుతుంది. పెట్టె మీద అచ్చువేయని జాగ్రత్త ఒకటి నేను చెబుతాను: ఇటుకలు ఇంటి ఆట. సముద్రపు ఒడ్డుకు ఖాళీ చేతులతో వెళ్ళండి. అక్కడ ఇసుక ఉంది.

ఇంటికి వచ్చాక కారుకు తలుపు లేదు. కొత్తది తెప్పించవచ్చునన్నాడు మా అబ్బాయి. మనవడు కాసేపు మూతి ముడుచుకు కూర్చున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, కారును చక్రాలతో సహా ముక్కముక్కలుగా ఊడదీశాడు. పుస్తకం తెరవలేదు. గంటసేపటికి ఒక పడవ తయారైంది. మైపాడులో చూసిన పడవలకుమల్లే ముక్కు పైకి లేచి ఉంది. కారులో ఒక ముక్క పోతే కారు పాడైంది; పడవలో ఏ ముక్క లేదో ఎవరికీ తెలియలేదు. మర్నాడు అది ఇల్లయింది. సాయంత్రానికి వాడి చెల్లెలికి మంచమయింది. చెల్లెలికి మూడేళ్ళు దాటాయి గనుక, నా కళ్ళెదుట మాత్రమే ముట్టుకోనిచ్చాను.

కనుక ఈ ఏడు పెట్టె కొనబోయేవారికి నా సలహా ఇది. బొమ్మ చూసి మోజుపడి కొన్నా తప్పు లేదు. కాని వారం తిరిగేలోగా దాన్ని ఊడదీయించండి. వీలైతే అడుగు అరలోని సాదా పెట్టె కూడా ఒకటి చేర్చండి. ఏటా ఒక కొత్త పెట్టె అక్కరలేదు, అతికే ఇటుకలు గుప్పెడు చేర్చినా కొలువు పెరుగుతుంది. పిల్లలు పెద్దవారైతే పారవేయకండి, తమ్ముడికో, చెల్లెలికో, పక్కింటి పిల్లకో ఇవ్వండి. అవి అరిగేవి కావు.

కొలువు ఎత్తేసేనాడు బొమ్మలకు మామూలుగానే పేలికలు చుట్టాము. ఇటుకలకూ ఒక పాత పంచె ముక్క ఇచ్చాను. మూట కట్టేముందు మనవడు ఒక్కొక్కటే లెక్కపెట్టి, కాగితం మీద రంగులవారీగా రాసి, సందుగు మూత లోపలివైపు అంటించాడు. కాగితం చివరి వరుసలో వాడి వంకర అక్షరాలతో ఇలా ఉంది:

"ఎర్రది 1 – మైపాడులో ఉంది. దాని బదులు గవ్వ 1."