ముంగిట సిమెంటు ఏల పగులును?

శీతల దేశములందు ముంగిట రంగువేసి, అచ్చులొత్తి తీర్చిన కాంక్రీటుకు చలికాలమే శత్రువు. దాని సూక్ష్మరంధ్రములలో చేరిన నీరు గడ్డకట్టునపుడు సుమారు 9 శాతము వ్యాకోచించును. ఆ ఒత్తిడికి పైపొర పెచ్చులై ఊడిపోవును. అందుచే అచ్చటివారు కాంక్రీటు కలుపునపుడే అతిసూక్ష్మమైన గాలిబుడగలు ఏర్పడునట్లు చేయుదురు. ఆ బుడగలు ఒత్తిడికి చోటిచ్చును.

పర్చూరులో నీరు గడ్డకట్టదు. అయినను ప్రత్తి, మిరప పండు నల్లరేగడిపై నేరుగా పోసిన ముంగిలి బీటలు వారును. సిమెంటు మంచిది కాదనియో, మేస్త్రి పనితనము చాలదనియో అనుకొనుట పరిపాటి. పెక్కుమార్లు కారణము అడుగుననున్న నేలయే. రేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ అను ఖనిజము నీటిని తన పొరల నడుమకు పీల్చుకొని ఉబ్బును. ఎండకు ఆరి కుంచించుకొనును. వేసవిలో చేలు నెఱ్ఱెలు విచ్చుట అందరెరిగినదే. నేల ఒకచోట లేచి, ఒకచోట దిగుచుండగా పైనున్న పలక విరుగును.

కావున పైపూతలు మాత్రమే చాలవు. మొదట రేగడిని కొంతలోతు తీసివేసి, ఉబ్బని గ్రావెలు నింపి, పొరలుపొరలుగా తడిపి దిమ్మిస చేయవలెను. వాననీరు ఇంటికి దూరముగా పోవునట్లు వాలు పెట్టి, పలకను సందులతో గళ్ళుగా విభజింపవలెను. పోసిన పిదప మన ఎండలకు 10 దినములైనను తడి ఆరనీయరాదు.

విద్యార్థులు దీనిని బడిలోనే పరీక్షింపవచ్చును. నీరున్న రెండు గాజుగ్లాసులలో ఒకదానియందు రేగడి పొడిని, రెండవదానియందు ఇసుకను ఒకే కొలతగా మెల్లగా పోసి మరునాడు చూడుడు. ఏది పొంగినదో గ్లాసే చెప్పును.