పన్నెండోవాడు

ఇంట్లో పెళ్ళి తలపెట్టిన గృహస్థు, ఎనిమిది వందల విస్తళ్ళు సరిపోతాయని తెలిసినా వెయ్యి అరిటాకులు తెప్పించి మూల పెట్టిస్తాడు. చిరిగేవి చిరుగుతాయి, వాడేవి వాడతాయి, పిలవని చుట్టాలు పిలవకుండానే వస్తారు. మన గోదావరి జిల్లాల్లో దీన్ని దుబారా అనేవారు లేరు, ముందుచూపు అంటారు. అదే గృహస్థు కొడుకు ఆటల జట్టులో పన్నెండోవాడుగా కుదిరితే మాత్రం ఆయన మొహం చిన్నబోతుంది. ఆకు మిగిలితే ముందుచూపు, అబ్బాయి మిగిలితే నామర్దా!

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆటల మీద నాకు ఆపేక్షే గాని అధికారం లేదు. అయినా ఆమధ్య ఒక విద్యార్థి తండ్రిగారు నన్ను నిలదీశారు: “మాస్టారూ, మావాణ్ణి ఏడాదంతా బల్ల మీద కూర్చోబెట్టారు. మంచినీళ్ళు మొయ్యడానికా వీణ్ణి పంపుతున్నది? మాన్పించేస్తే పోలేదూ?” తోసిపుచ్చదగిన ప్రశ్న కాదది. పిల్లవాడి చదువు, ఇంటి ఖర్చు, వాడి మనసు మూడూ అందులో ఉన్నాయి. దానికి జవాబు వెతుక్కుంటూ, 2020-21లో మన దేశపు క్రికెట్ జట్టు ఆస్ట్రేలియాలో పడిన పాట్లన్నీ మరోమారు తిరగేశాను. ఆ జట్టులో మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఉన్నాడు, హైదరాబాదు మహమ్మద్ సిరాజ్ ఉన్నాడు.

కష్టాలు ఓడ ఎక్కకముందే మొదలయ్యాయి. పేరుమోసిన వేగపు బౌలర్లు ఇషాంత్ శర్మ, భువనేశ్వర్ కుమార్ ఐ.పి.ఎల్. ఆటల్లోనే దెబ్బలు తగిలించుకుని టెస్టులకు దూరమయ్యారు. తొడ కండరం పట్టేసిన రోహిత్ శర్మ ఆలస్యంగా వెళ్ళి మూడో టెస్టుకు గాని అందలేదు. అడిలైడ్‌లో మొదటి టెస్టు. 2020 డిసెంబరు 19న మనవాళ్ళు 36 పరుగులకే చాపచుట్టేశారు. టెస్టుల్లో మన దేశానికి అంతకన్న చిన్న లెక్క లేదు. ఆనాడే బంతి తగిలి మహమ్మద్ షమీ చెయ్యి విరిగింది. నాయకుడు కోహ్లీ తొలిచూలు బిడ్డ పుట్టే వేళకు ఇల్లు చేరుకున్నాడు. మెల్‌బోర్న్‌లో ఉమేశ్ యాదవ్‌కు పిక్క పట్టేసింది. రాహుల్‌కు సాధనలోనే మణికట్టు బెణికింది. సిడ్నీలో జడేజా బొటనవేలు తప్పింది, బుమ్రాకు కడుపు కండరం పట్టింది, అశ్విన్‌కు నడుము. వంకాయల బుట్టలో పుచ్చులు ఏరినట్టు, రోజుకొకణ్ణి ఏరి పక్కన పెట్టవలసి వచ్చింది.

సిడ్నీ టెస్టు కడపటి రోజు, 2021 జనవరి 11. నాలుగో ఇన్నింగ్సులో మనకు కావలసినవి 407 పరుగులు. పంత్ 97, పుజారా 77 చేసి వెనుదిరిగారు. ఇక మిగిలినవాళ్ళు విహారి, అశ్విన్. అంతకు ముందు ఆ సిరీస్‌లో విహారి ఏ ఇన్నింగ్సులోనూ పాతిక పరుగులు దాటలేదు. జట్టులో అతనికి చోటెందుకని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. వచ్చిన కాసేపటికే పరుగుకు దూకబోయి తొడ వెనక కండరం పట్టుకుపోయింది. ఇక పరుగెత్తడమన్న మాట లేదు. అవతల అశ్విన్ ఆ ఉదయం వంగి బూటు లేసు కట్టుకోలేని స్థితిలో ఉన్నాడని అతని ఇల్లాలే లోకానికి చెప్పింది. ఈ ఇద్దరు కుంటివాళ్ళు కలిసి నలభై ఓవర్లకు పైగా వికెట్టు ఇవ్వకుండా నిలబడ్డారు. విహారి 161 బంతులాడి 23 పరుగులు, అశ్విన్ 128 బంతులాడి 39. స్కోరు 334కి 5. ఆట డ్రా. పరుగుల పుస్తకంలో 23 ఎంత? మన వీధి పిల్లలు అరగంటలో కొడతారు. కాని ఆ 23 లేకపోతే తరువాతి కథే లేదు.

తరువాతి కథ బ్రిస్బేన్‌లో నడిచింది. 1988 తర్వాత ఆ గబ్బా మైదానంలో ఆస్ట్రేలియా టెస్టు ఓడలేదు. వాళ్ళ నలుగురు ప్రధాన బౌలర్లకూ కలిపి వెయ్యికి పైగా టెస్టు వికెట్లు. మన అయిదుగురికీ కలిపి పదకొండు! సిరాజ్‌కు ఏడు, సైనీకి నాలుగు. శార్దూల్ ఠాకూర్‌కు, నటరాజన్‌కు, వాషింగ్టన్ సుందర్‌కు సున్నలు. ఇందులో నటరాజన్, సుందర్ సాధనలో బంతులు వెయ్యడానికి ఉంచిన కుర్రాళ్ళు. ఠాకూర్ అంతకు మునుపు 2018లో హైదరాబాదులో ఆడిన ఒకేఒక టెస్టులో పది బంతులు వేసి, దెబ్బ తగిలి బయటికి నడిచినవాడు. చాలదన్నట్టు తొలి ఇన్నింగ్సులోనే సైనీకి గజ్జల్లో కండరం పట్టింది.

ఆ మిగులు ఆకుల్లోనే విందు జరిగింది. మన ఇన్నింగ్సు కూలిపోతున్న వేళ సుందర్ 62, ఠాకూర్ 67 చేసి ఇద్దరూ కలిసి 123 పరుగులు జోడించారు. రెండో ఇన్నింగ్సులో సిరాజ్ 73 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఈ సిరాజ్ తండ్రి హైదరాబాదులో ఆటో నడిపి కొడుకును పైకి తెచ్చినవాడు; కొడుకు ఆస్ట్రేలియాలో ఉండగానే 2020 నవంబరులో కన్నుమూశాడు. కడసారి చూపుకు నోచుకోక, అక్కడే ఉండిపోయి ఆడిన కుర్రవాడు మన వైపున అందరికన్న ఎక్కువగా 13 వికెట్లతో ఆ సిరీస్ ముగించాడు. జనవరి 19న శుభమన్ గిల్ 91, పంత్ అజేయంగా 89 చేయగా మనవాళ్ళు మూడు వికెట్ల తేడాతో గెలిచారు. సిరీస్ 2-1తో మనదయింది. నాలుగు టెస్టులకు మనం దింపింది అక్షరాలా ఇరవై మందిని.

దీన్ని అదృష్టమని సరిపెట్టుకుంటే తప్పు. ఈ కుర్రాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడలేదు. అంతకు కొన్నేళ్ళ ముందునుంచే ఇండియా ‘ఎ’ పేరుతో రెండో జట్టును దేశదేశాలు తిప్పారు. ఆ జట్టుకు, పంతొమ్మిదేళ్ళలోపు జట్టుకు రాహుల్ ద్రావిడ్ గురుత్వం వహించాడు. పంత్, సుందర్ 2016లోనూ, గిల్ 2018లోనూ ఆ పిల్లల ప్రపంచకప్పు ఆడివచ్చినవాళ్ళే. సిరాజ్, విహారి ‘ఎ’ జట్టులో ఆరితేరినవాళ్ళు. పైగా కరోనా రోజుల్లో దిగినవాళ్ళు పద్నాలుగు రోజులు విడిగా ఉండాలి గనక, కావలసినప్పుడు మనిషిని పిలిపించుకునే వీలులేక, ముందే పెద్ద బలగాన్ని వెంటబెట్టుకు వెళ్ళారు. ఇబ్బంది నేర్పిన ముందుచూపు అది.

ఆటను బట్టి ఈ అవసరం మారుతుంది. మన కబడ్డీలో ఏడుగురు ఆడితే అయిదుగురు బయట కూర్చుంటారు, మార్చుకోవచ్చు. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆటలో మైదానంలో 11 మంది, జట్టు పట్టికలో 53 మంది. దూరంగా పరుగెత్తి బంతి అందుకునే ఒక్క పనికే అయిదారుగురిని పోషిస్తారు. సాధన రోజుల్లో ఇద్దరు గాయపడితే ఊరంతా అదే చర్చ. టెస్టు క్రికెట్ మాత్రం కఠినురాలు. బదులు వచ్చినవాడు బంతి ఆపవచ్చు గాని బ్యాటు పట్టకూడదు, బంతి వెయ్యకూడదు. తలకు దెబ్బ తగిలితే మాత్రం 2019 నుంచి బదులువాణ్ణి పూర్తిగా ఆడనిస్తున్నారు. వికెట్ల వెనక నిలబడడానికి కూడా 2017 నిబంధనలతోనే, అదీ అంపైర్లు ఒప్పుకుంటేనే, వీలు కలిగింది.

ఆ వీలు మన విశాఖపట్నం కోన శ్రీకర్ భరత్‌కు పనికొచ్చింది. 2021 నవంబరులో కాన్పూరు టెస్టులో సాహాకు మెడ పట్టేస్తే భరత్ బదులు నిలబడి రెండు క్యాచీలు, ఒక స్టంపింగు చేశాడు. పట్టికలో మాత్రం అతను ఆ టెస్టు ఆడినట్టు లెక్క కాదు! 2015లోనే ఒంగోలులో గోవా మీద 308 కొట్టి, రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపరయినవాడు, తొలి టెస్టు కోసం 2023 ఫిబ్రవరి దాకా ఎదురుచూశాడు. పంత్ కారు ప్రమాదంలో గాయపడితే గాని అతనికి తలుపు తెరుచుకోలేదు. ఒకరి కీడు మరొకరికి అవకాశం కావడం ఎంత ఇరకాటమైన సంగతో! పన్నెండోవాడు తోటివాడి క్షేమం కోరుతూనే తన వంతుకు సిద్ధంగా ఉండాలి. అది చిన్న తపస్సు కాదు.

విహారి సంగతి ఇంకా విచిత్రం. సిడ్నీలో కుంటుతూ కాపాడిన తరువాత అతనికి మళ్ళీ టెస్టు దక్కింది దాదాపు ఏడాదికి, 2022 జనవరిలో జోహాన్నెస్‌బర్గ్‌లో. అదీ కోహ్లీకి వీపు పట్టేయడం వల్ల. రెండో ఇన్నింగ్సులో 40 పరుగులతో అజేయంగా నిలిచాడు. కోహ్లీ కోలుకున్నాడు, తరువాతి టెస్టులో విహారి బల్ల మీదికి! 2023లో ఇండోర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర నాయకుడుగా ఆడుతూ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తొమ్మిది వికెట్లు పడ్డాక మళ్ళీ వచ్చి, కుడిచేతి ఆటగాడు ఎడమచేతివాటుగా తిరిగి నిలబడి ఆడాడు. ఆంధ్ర 379 చేసి 151 పరుగుల ఆధిక్యం సంపాదించింది. కాని రెండో ఇన్నింగ్సులో 93కే కుప్పకూలి, అయిదు వికెట్ల తేడాతో మధ్యప్రదేశ్‌కు ఓడింది. ఒక్కడి సాహసం కథకు అందం. జట్టుకు అది చాలదు. విరిగిన చేతితో నాయకుడు రావలసిన అవసరమే లేని జట్టు ఇంకా మంచి జట్టని నా నమ్మకం.

తెలుగు మాస్టారు ఎంతసేపని భారతం ఎత్తకుండా ఉంటాడు! కౌరవులకు సేనాపతుల కొరత లేదు. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు అయిదు, కర్ణుడు రెండు, శల్యుడు అరపూట. కాని భీష్ముడు అర్ధరథుడని ఈసడిస్తే అలిగిన కర్ణుడు మొదటి పది రోజులూ యుద్ధమే చెయ్యలేదు. బలగం ఉన్నది, కలుపుగోలు లేదు. అదే భారతాన్ని తెలుగు చేసిన కథ చూడండి. రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ మధ్య ఖాళీని తరువాతి కాలపు ఎఱ్ఱన పూరించాడు, అదీ నన్నయ పద్ధతికి అతుకు కనబడకుండా. ఎఱ్ఱనను పన్నెండోవాడని ఎవరంటారు? కవిత్రయంలో ఒకడంటాం.

అందుచేత ఆ తండ్రిగారికి నేను చెప్పిన మాట ఇది. పిల్లవాడు బల్ల మీద ఉన్నాడా లేడా అని కాదు, బల్ల మీద ఉన్నప్పుడు వాడికి ఏం నేర్పుతున్నారని అడగండి. అందరితోపాటు సాధన చేయిస్తున్నారా? చిన్న పోటీలలోనైనా దింపుతున్నారా? దెబ్బ తగిలితే మానేదాకా ఆగనిస్తున్నారా? ఈ మూడింటికీ అవునని జవాబొస్తే మాన్పించకండి. కాదంటే, నీళ్ళ బిందెలు మోయించేందుకు మాత్రమే మీ పిల్లవాణ్ణి పంపనక్కరలేదు; మరో మైదానం వెతకండి.

జట్టు నడిపే పెద్దలకూ ఒక మనవి ఉన్నది. చేతినిండా మనుషులున్నారు గదా అని ఉన్నవాళ్ళను అరగదియ్యడానికి కాదు ఈ బలగం. ఒకడు విశ్రాంతి తీసుకునేటప్పుడు మరొకడు జంకులేకుండా నిలబడడానికి. పదకొండుమందిని ఎంచడం ఎవరైనా చేస్తారు. పన్నెండోవాణ్ణి తయారుచేసిన జట్టుకే గెలుపు నిలుస్తుంది.