సికిల్ సెల్: రిపోర్టు వచ్చాకే అసలు పని

రావికమతం మండలంలో కొండల అంచున గిరిజన గూడేలున్నాయి. మన దేశంలో సికిల్ సెల్ జబ్బు తెచ్చే జన్యువు గిరిజనుల్లోనే ఎక్కువగా కనిపిస్తోంది. అందుకే కింది అంకెలు అక్కడి ప్రతి ఇంటికీ తెలియాలి.

7 కోట్ల మంది
2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ లక్ష్యం, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం. 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకూడదన్నది సంకల్పం.

120 రోజులు, 20 రోజులు
మామూలు ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఈ జబ్బున్నవారిలో 10 నుంచి 20 రోజులకే నశిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే కణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. రక్తహీనత, కామెర్లు, తట్టుకోలేని ఎముకల నొప్పులు అందువల్లే.

2 పరీక్షలు
మొదటిది సాల్యుబిలిటీ పరీక్ష. కొద్దిపాటి రక్తం చాలు, ఊళ్లోనే చేయొచ్చు. కానీ పాజిటివ్ వస్తే ఆ మనిషి రోగా, జన్యువును మోస్తున్న క్యారియరా అన్నది ఇది చెప్పలేదు. ఆరు నెలల్లోపు పసిబిడ్డల్లో నెగటివ్ వచ్చినా నమ్మలేం. రెండో పరీక్షగా హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ చేస్తేనే సంగతి తేలుతుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ మాట ముందే చెప్పాలి.

4లో 1
తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. ఇద్దరు పిల్లల్లో కనీసం ఒకరికి వచ్చే అవకాశం దాదాపు 44 శాతం. మేనరికాల్లో ఈ ముప్పు పెరుగుతుంది. మేనమామ క్యారియరైతే మేనకోడలికీ అదే జన్యువు ఉండే అవకాశం 4లో 1. పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలనేది అందుకే.

215 మంది పిల్లలు, 299 మంది పెద్దలు
అమెరికాలో ఈ జబ్బున్న 215 మంది చిన్నారులపై జరిగి 1986లో వెలువడిన అధ్యయనంలో, రోజూ పెన్సిలిన్ వాడిన పిల్లల్లో ప్రమాదకరమైన న్యుమోకాకల్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. 299 మంది పెద్దలపై జరిగి 1995లో ఫలితాలొచ్చిన మరో అధ్యయనంలో, హైడ్రాక్సీయూరియా అనే మందు వాడినవారికి తీవ్రమైన నొప్పులు 44 శాతం తగ్గాయి. అయితే ఈ మందు వాడేవారికి రక్తకణాల లెక్క తరచూ చూస్తుండాలి, మోతాదు సరిచేస్తుండాలి. మాత్రలిచ్చి పంపేస్తే సరిపోదు.

కాబట్టి ఎంతమందికి పరీక్ష చేశామన్న లెక్క ఒక్కటే చాలదు. జబ్బు తేలినవారిలో ఎంతమందికి క్రమం తప్పకుండా మందు అందుతోంది, ఎంతమందికి మళ్లీ రక్తపరీక్ష జరిగిందన్న లెక్క కూడా ప్రతి పీహెచ్‌సీ దగ్గర ఉండాలి. ప్రాణాలు నిలిపేది ఈ రెండో లెక్కే.