కారంతా వార్నింగ్ లైట్లే, కానీ ఈసీయూ తప్పేం లేదు! మల్టీమీటర్‌తో అసలు దొంగని ఇలా పట్టుకున్నాం

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే మాట్లాడుకుంటాం కదా, ఈసారి కాస్త పెద్ద గ్యాడ్జెట్. నాలుగు చక్రాలది.

మా బావ శ్రీకాకుళంలో ట్రావెల్స్ కారు నడుపుతాడు. మొన్న వానల్లో విజయనగరం నుంచి వస్తుంటే రణస్థలం దగ్గర ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయట. స్పీడోమీటర్ సున్నాకి పడిపోయింది, స్టీరింగ్ బరువెక్కింది. పక్కకి ఆపి మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదు. గ్యారేజీలో ముందు బ్యాటరీ మార్చారు. లాభం లేదు. తర్వాత "ఈసీయూ పోయింది, 40 వేలవుద్ది" అన్నారు. బావకి రెండు రోజుల్లో విశాఖ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు, నెలాఖరుకి కిస్తీ. "ఒరే, ఫోన్లు ఇప్పుతావు గదా, ఇదేటో ఓపాలి సూడరా" అని ఫోన్ చేశాడు.

నా దగ్గరున్న ఈఎల్ఎమ్327 బ్లూటూత్ డాంగిల్ పెట్టా. ఫోన్‌కి డాంగిల్ కనెక్ట్ అయింది గానీ కారు నుంచి జవాబే లేదు. ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. నిజానికి పెద్ద క్లూ అదే. ఒక పార్టు పాడైతే మిగతావి దాని మీద కంప్లైంట్ చేస్తాయి. ఎవరూ మాట్లాడట్లేదంటే పాడైంది మాట్లాడుకునే దారి.

ఆ దారి పేరు క్యాన్ బస్. బాష్ కంపెనీ తయారుచేసి 1986లో ప్రకటించింది. మెలితిప్పిన రెండే వైర్లు, క్యాన్-హై, క్యాన్-లో. ఇంజిన్, ఏబీఎస్, స్టీరింగ్, మీటర్ క్లస్టర్, అన్ని మాడ్యూల్సూ వాటి మీదే మాట్లాడతాయి. వాకీటాకీ ఛానల్‌లాగే అనుకోండి, ఒకడు బటన్ నొక్కిపెట్టి కూర్చుంటే ఇంకెవరి మాటా వినపడదు.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌లో 6వ పిన్ హై, 14వ పిన్ లో, 4వ పిన్ బాడీ ఎర్త్. బ్యాటరీ నెగెటివ్ తీసేసి కాసేపు ఆగి, 6కీ 14కీ మధ్య కొలిచా. 60 ఓమ్‌లు. అంటే బాగానే ఉంది (రెండు చివర్లా ఉండే 120 ఓమ్‌ల రెసిస్టర్లు కలిసి 60 చూపిస్తాయి). వైరు తెగితే 120 రావచ్చు, రెండు వైర్లూ అంటుకుంటే సున్నా వస్తుంది. ఇక్కడ రెండూ కాదు. తల గోక్కున్నా.

తర్వాత 14కీ 4కీ మధ్య పెడితే మళ్లీ 60. 6కీ 4కీ మధ్య పెడితే దాదాపు సున్నా! క్యాన్-హై ఎక్కడో బాడీకి షార్ట్ అయింది. దాన్ని ఎర్త్ లాగేస్తుంటే ఏ మాడ్యూల్ ఎంత అరిచినా సిగ్నల్ లేవదు.

మీటర్ అలాగే పెట్టి ఒక్కో మాడ్యూల్ ప్లగ్ పీకడం మొదలెట్టాం. ముందు ఈసీయూనే పీకా, ఆ 40 వేల మాట తేలిపోవాలని. మీటర్ కదల్లేదు. క్లస్టర్ తీశాం, సున్నాయే. స్టీరింగ్, సున్నాయే. ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ల జోలికి మాత్రం పోలేదు, మీరూ పోకండి. చివరికి ఇంజిన్ పక్కనున్న ఏబీఎస్ ప్లగ్ లాగగానే రీడింగ్ ఒక్కసారిగా వేల ఓమ్‌లకి ఎగిరింది. వైరింగ్ వైపు పిన్నులు శుభ్రంగా ఉన్నాయి, మాడ్యూల్ వైపు పచ్చటి తుప్పు. నీళ్లు లోపలికి దిగాయి.

ఏబీఎస్ ప్లగ్ బయటే ఉంచి, మిగతావన్నీ పెట్టి, బ్యాటరీ కలిపి తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. డాంగిల్‌లో కోడ్‌లు వచ్చాయి, అన్నీ ఏబీఎస్ పలకట్లేదనే. "ఇంజినుకి పేణం నేదన్నారు గదరా ఆళ్లు!" అన్నాడు బావ.

అలా ఏబీఎస్ లేకుండా ట్రిప్పు కొడతానన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. బ్రేకులతో ప్రయోగాలొద్దు. మాడ్యూల్ మార్చడం, బ్రేక్ లైన్లో గాలి తీయడం మెకానిక్‌కే వదిలేశాం. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు వేరే కారుకి పోయింది. ఈసీయూ మాత్రం పాతదే.

ఒక్క మాట: కొత్త కార్లలో చాలావాటికి పోర్ట్ వెనక గేట్‌వే మాడ్యూల్ ఉంటుంది. అలాంటి వాటిలో పోర్ట్ దగ్గర కొలిచినది లోపలి బస్ గురించి చెప్పదు, వైరింగ్ డయాగ్రమ్ చూసుకుని లోపలే కొలవాలి. బావ కారు పాత మోడల్ కాబట్టి బతికిపోయాం. నా మల్టీమీటర్ ఇప్పుడు వాడి డ్యాష్‌బోర్డ్ డబ్బాలోనే ఉంది, అడిగితే ఇవ్వట్లేదు.