రాబిన్ పిట్టకూ ఆవ జాతి మొక్కకూ ఏమిటి చుట్టరికం?

అరబిడాప్సిస్ ఆవాల కుటుంబంలోని చిన్న మొక్క. ఆరు వారాల్లో మొలిచి, పూచి, విత్తనాలిచ్చి ఎండిపోతుంది. యూరప్ రాబిన్ నారింజ రంగు రొమ్ము, తీయని గొంతు ఉన్న 20 గ్రాముల పిట్ట. మొక్క పుట్టిన చోటు వదలదు. స్కాండినేవియా రాబిన్ శీతాకాలం రాకముందే, రాత్రివేళ ఒంటరిగా ఎగురుతూ దక్షిణాన వెచ్చని చోటికి చేరుతుంది. పోలికే లేదనిపించే ఈ రెండింటినీ శాస్త్రవేత్తలు కలిపి చూడటానికి కారణం క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్.

అది ముందు మొక్కలోనే దొరికింది. చీకట్లో మొలక వెలుగు కోసం సన్నగా సాగుతుంది; నీలి కాంతి తగలగానే ఆ సాగుడు ఆపి ఆకులు విప్పుతుంది. కొన్ని మొలకలు మాత్రం నీలి కాంతిలోనూ సాగుతూనే ఉండేవి. వాటిలో చెడిన జన్యువును 1993లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్గరెట్ అహ్మద్, ఆంథొనీ కాష్‌మోర్ గుర్తించారు. అతినీలలోహిత కిరణాలకు దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే ఫోటోలయేజ్ అనే ఎంజైమును ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్, అంటే క్రిప్టోక్రోమ్, పోలి ఉంది, కానీ ఆ మరమ్మతు పని చేయదు. పగలు పొడవయ్యాక పూత వేయమని మొక్కకు చెప్పేదీ ఈ కుటుంబపు ప్రొటీనే.

రాబిన్ కథ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైంది. 1960లలో వోల్ఫ్‌గాంగ్ విల్ట్‌ష్కో తీగచుట్టలతో అయస్కాంత క్షేత్రాన్ని తిప్పితే, పంజరంలోని రాబిన్లు వెళ్లాలని తపించే దిశా మారింది. తర్వాత మరో వింత బయటపడింది. నీలం, ఆకుపచ్చ కాంతిలో దారి తెలిసిన పిట్టలు ఎర్రని కాంతిలో తికమకపడ్డాయి.

అంటే ఈ దిక్సూచికి వెలుగు కావాలి!

2000లో థోర్‌స్టన్ రిట్జ్ బృందం క్రిప్టోక్రోమ్ వైపు వేలు చూపింది. నీలి కాంతి పడితే ఆ ప్రొటీన్‌లో ఒక ఎలక్ట్రాన్ చోటు మారుతుంది. అలా ఏర్పడిన జంట ఎలక్ట్రాన్ల తీరును బలహీనమైన అయస్కాంత క్షేత్రం కూడా మార్చగలదు. 2021లో ఓల్డెన్‌బర్గ్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాబిన్ కంటి ప్రొటీన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి చూశారు. వలస వెళ్లని కోడి, పావురాల ప్రొటీన్ల కన్నా అది అయస్కాంతానికి ఎక్కువగా స్పందించింది. బతికున్న పిట్ట కంటిలోనూ ఇదే జరుగుతోందని ఇంకా రుజువు కాలేదు.

ఇందులో అన్నిటికన్నా అబ్బురమైన విషయం వేరే ఉంది. ఈ ప్రొటీన్ మొక్కకూ పిట్టకూ ఒకే క్రిప్టోక్రోమ్ నుంచి రాలేదు. పాత ఫోటోలయేజ్‌ను మొక్కల వంశం, జంతువుల వంశం వేర్వేరుగా మలచుకున్నాయి.

మరి మొక్కకూ అయస్కాంతం తెలుస్తుందా? తెలుస్తుందన్నట్టు 2007లో అహ్మద్, విల్ట్‌ష్కో తదితరులు అరబిడాప్సిస్‌పై ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్ బృందం ఆ ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు.