పేలవము

ప్రసంగము ముగిసి రేడియో కట్టివేయగానే "పేలవముగా నున్నది" అని తీర్పు చెప్పుట మనకు పరిపాటి. ఆ తీర్పులో ఒక్కొక్కప్పుడు అన్యాయము జరుగుచున్నది. అలతి మాటలతో సాగిన మంచి ప్రసంగమునకు సయితము మనము ఆ పేరే పెట్టుచున్నాము.

ఈ మాట సంస్కృతమునుండి వచ్చినది. అచ్చట దీనికి నిందార్థము లేదు. కుమారసంభవము అయిదవ సర్గలో కాళిదాసు దిరిసెన పువ్వును పేలవమని చెప్పెను. తుమ్మెద కాలూనిన ఓర్చును గాని పక్షి వాలిన ఓర్వలేదట. అనగా సుకుమారమని అర్థము. అమరకోశమున మఱియొక అర్థము గలదు. ఘనము, సాంద్రము అను మాటలను చెప్పి, వెంటనే వానికి ఎదురుగా పేలవమును విరళముతో జతచేసినది. ఎడమెడముగా నేసిన బట్ట వంటిదన్నమాట. తెలుగువారు పువ్వును విడిచి ఈ పలుచదనమునే గైకొని, మాటకు, వ్రాతకు, నటనకు దోషముగా అంటగట్టినారు. నేటి క్రికెట్టు వార్తలలోనైతే జట్టు ఓడినప్పుడెల్ల "పేలవమైన ప్రదర్శన"యే. అచ్చట దీనికి "తీసికట్టు" అనుటకు మించి అర్థము మిగులలేదు.

పలుచన యని గ్రహించినచో తీర్పు సులువగును. "కృష్ణానది మిక్కిలి రమణీయముగా నుండెను, చూపఱుల హృదయములు ఆనందతరంగితములయ్యెను." ఇందు సమాసమున్నది, నది లేదు. కృష్ణకు మారుగా గోదావరి యన్నను, పెన్న యన్నను, తుదకు ఊరి చెరువన్నను చెల్లును. "వేసవిలో కృష్ణ ఒక పాయగా గట్టువార సాగును, తక్కినదంతయు ఇసుక, ఇసుకలో పుచ్చపాదులు." ఇందు అలంకారము లేదు. కాని ఒక్క మాట తీసినను ఆ మేరకు చూపు తగ్గును. పేలవమైనది మొదటిదే. నీళ్లమజ్జిగను వెండిగిన్నెలో పోసిననూ చిక్కబడదు గదా!

దీని చుట్టములు రెండు గలవు. చప్పన యనునది రుచి లోపము. పదార్థమున్నది, ఉప్పు చాలలేదు. అట్టి ప్రసంగమును మంచి కంఠము కొంత నిలబెట్టవచ్చును. ఇక ఊకదంపుడు. ధాన్యము దంచిన బియ్యము వచ్చును. బియ్యము తీసిన పిమ్మట ఊకనే దంచిన చేతులు నొచ్చుట తప్ప ఫలము లేదు. చెప్పినదే చెప్పుచుండుట దాని లక్షణము గనుక దానికి నిడివి కావలెను. పేలవమునకు నిడివితో పనిలేదు. పైన కృష్ణానదికి పట్టినట్లు, ఒక్క వాక్యములోనే పట్టును.